అరగంట వానకే మ్యాన్‌హోల్ పొంగుతోంది: 8 అంగుళాల గొట్టం తీసి 12 వేయాలా?

కాలనీ కార్యదర్శి | జూన్ 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాదు శివార్లలో మాది 64 ఇళ్ల కాలనీ. ఇరవై ఏళ్ల కిందట మేమే చందాలు వేసుకుని మురుగు లైను వేయించుకున్నాం. 8 అంగుళాల స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టం. 200కు 1 వాలు, అంటే 200 అడుగులకు ఒక అడుగు దిగేలా, అని పాత ప్లానులో ఉంది. ఏడాదిలో ఎనిమిది నెలలు అలాంటిది ఒకటుందని కూడా ఎవరికీ గుర్తుండదు. అరగంట గట్టి వాన పడిందా, పల్లంలో ఉన్న చివరి మూడు ఇళ్ల ముందు మ్యాన్‌హోల్ మూత లేచి పక్కకు పడుతుంది. మొన్న శుక్రవారం ఒకరింట్లో మురుగు ఎదురు తన్ని, స్నానాల గదిలోంచి హాల్లోకి వచ్చింది. ఆ ఇంట్లో మంచాన పడిన పెద్దావిడ ఉన్నారు. మర్నాడు సమావేశంలో ఆమె కొడుకు అడిగిన ప్రశ్నలకు మా కమిటీ దగ్గర జవాబు లేదు.

గొట్టం తీసేసి 12 అంగుళాలది వేయాలని దాదాపు తీర్మానించాం. సిమెంటు రోడ్డు పగలగొట్టి మళ్లీ పోయాలి కనుక ఇంటికి పెద్ద మొత్తమే పడుతుంది. వసూళ్లు మొదలుపెట్టే ముందు తెలిసినవాళ్లను అడుగుదామని రాస్తున్నాను.

మూడో అంతస్తు | జూన్ 22, రాత్రి 10:05

ఆలోచించకుండా వేయండి. మా వీధిలో ఆరేళ్ల కిందట ఇదే పని చేశాం. రెండేళ్లు హాయిగా ఉన్నాం. ఇప్పుడు మళ్లీ పొంగుతోందనుకోండి, అది వేరే విషయం.

పాత ఏఈ | జూన్ 23, ఉదయం 6:15

మూడో అంతస్తు గారూ, అది వేరే విషయం కాదు, అదే విషయం.

కార్యదర్శి గారూ, మీ మొదటి పేరాలోనే రోగం పేరు ఉంది. ఎనిమిది నెలలు గుర్తుకు రాని గొట్టం వానకే పొంగుతోందంటే, అందులోకి వాన వస్తోందని అర్థం. మురుగుకు వేసిన గొట్టానికి వానతో పని ఉండకూడదు. ఒక్కసారి లెక్క చూడండి.

ఇంటికి పదిమంది చొప్పున 640 మంది అనుకుందాం. కేంద్ర ప్రభుత్వ మురుగునీటి మాన్యువల్ ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. అంటే రోజుకు 69 వేల లీటర్లు, సగటున సెకనుకు 0.8 లీటరు. అందరూ ఒకేసారి స్నానాలు చేసే ఉదయపు వేళకు దాన్ని మూడింతలు చేయమంటారు. అప్పటికీ 2.4 లీటర్లే. 200కు 1 వాలులో మీ 8 అంగుళాల గొట్టం నిండుగా పారితే సెకనుకు 23 లీటర్లు మోస్తుంది. మీ అవసరానికి తొమ్మిది రెట్లకు పైనే.

ఇక వాన సంగతి. గంటకు 50 మి.మీ. చొప్పున కురిసే వానలో 120 చదరపు మీటర్ల డాబా మీద గంటకు 6,000 లీటర్లు పడతాయి. ఆ ఇంట్లో పదిమంది అయిదున్నర రోజుల పాటు వదిలే మురుగుకు అది సమానం. సెకన్లలోకి మారిస్తే 1.67 లీటర్లు. 14 ఇళ్ల డాబా గొట్టాలు మురుగు లైనులో కలిస్తే చాలు, మీ గొట్టం నిండిపోయింది. ఆపైన పడే ప్రతి చుక్కా ఆ పెద్దావిడ ఇంటి దారే పడుతుంది.

12 అంగుళాలది వేస్తే 68 లీటర్ల దాకా మోస్తుంది. 64 డాబాలూ కలిస్తే 107 లీటర్లు. మీ గొట్టం వెళ్లి కలిసే పెద్ద లైను ఎంత మోయగలదో మీ చేతుల్లో లేదు. పైగా వాన లేని రోజుల్లో ఆ వెడల్పు గొట్టంలో 2.4 లీటర్లు అడుగున నెమ్మదిగా పాకుతాయి. నీటికి తోసే జోరు లేకపోతే మలినం పేరుకుంటుంది. మూడో అంతస్తు వారి రెండేళ్ల హాయి ఎలా ముగిసిందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

మూడో అంతస్తు | జూన్ 23, ఉదయం 8:30

ఒప్పుకుంటున్నాను. పోయిన వేసవిలో తీయించినప్పుడు సగం గొట్టం మడ్డే.

మేస్త్రి సత్తెయ్య | జూన్ 23, రాత్రి 8:50

ఏఈ సారు చెప్పింది నిజం. కలిపేది మేమే, కలపమనేది మీరే. నేను ఇళ్లు కట్టడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లయింది. డాబా గొట్టం ఇంటి వెనక సందులోకి దిగుతుంది. అక్కడినుంచి రోడ్డు దాకా తేవాలంటే నలభై అడుగుల గొట్టం, దానికి వాలు, మధ్యలో గేటు కింద తవ్వకం. మురుగు ఛాంబర్ అయితే మూడడుగుల దూరంలోనే ఉంటుంది. యజమాని నిలబడి "అందులోకే పెట్టెయ్" అంటాడు. ఒక బెండు, ఒక ముక్క, పని అయిపోతుంది.

డాబా గొట్టం ఒక్కటే కాదు సార్. వెనక బట్టలుతికే చోట పైకప్పు ఉండదు, అక్కడి జాలీలోకి సందు మొత్తం నీళ్లు వస్తాయి. కారు పెట్టే చోటు రోడ్డు కన్నా పల్లమైతే అక్కడా ఒక జాలీ పెట్టి ఛాంబర్‌కే కలుపుతారు. ముందు వీటిని వెతకండి.

పిట్స్‌బర్గ్ కోడలు | జూన్ 24, ఉదయం 7:10

మేస్త్రి గారు చెప్పిన కారు జాలీ కథ మాకూ అయింది, అదీ అమెరికాలో! పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల చాలా మున్సిపాలిటీల్లో ఇల్లు చేతులు మారే ముందు రంగు నీటి పరీక్ష చేయించాలి. ఒకాయన వచ్చి పైకప్పు నుంచి దిగే గొట్టాల్లో, గ్యారేజీ ముందు జాలీలో రంగు నీళ్లు పోశారు. పోసి, మురుగు లైనులో చూశారు. పైకప్పు గొట్టాలు నెగ్గాయి. జాలీలో పోసిన ఆకుపచ్చ రంగు మాత్రం రెండు నిమిషాల్లో మురుగులో తేలింది. అమ్మేవాళ్లు ఆ కలయిక తీయించి మళ్లీ పరీక్ష నెగ్గేదాకా రిజిస్ట్రేషన్ ఆగింది. అప్పుడు విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, ఇక్కడ మురుగు శుద్ధి సంస్థ పిట్స్‌బర్గ్‌తో సహా 83 ఊళ్ల మురుగు తీసుకుంటుంది. వాన వస్తే అది నదుల్లోకి పొంగుతోందని కేంద్ర ప్రభుత్వంతో 2008లో కోర్టు ఒప్పందం చేసుకోవలసి వచ్చింది.

నాకు ఆ పద్ధతిలో నచ్చింది అది జరిగే సమయం. మామూలు రోజుల్లో వచ్చి గొట్టం తీయించమంటే ఎవరూ వినరు. ఇల్లు అమ్మేటప్పుడైతే డబ్బు బల్ల మీద ఉంటుంది, తొందర ఇద్దరికీ ఉంటుంది.

ఒరెగాన్ వాన | జూన్ 24, ఉదయం 9:00

బలవంతం లేకుండా చేసిన ఊరూ ఉంది. మా పోర్ట్‌లాండ్‌లో 1993 నుంచి 2011 వరకు పైకప్పు గొట్టాలను విడదీసే కార్యక్రమం నడిచింది. 56 వేలకు పైగా గొట్టాలను కోసి, నీటిని పెరటి నేల మీదికి మళ్లించారు. విడదీసుకున్నవాళ్లకు గొట్టానికి ఇంత అని నగర పాలక సంస్థ డబ్బు కూడా ఇచ్చింది.

పాత ఏఈ | జూన్ 24, ఉదయం 11:20

మంచి ఉదాహరణే, కానీ ఒక తేడా గమనించాలి. పోర్ట్‌లాండ్‌లో ఆ ప్రాంతాలవి వాననీరు, మురుగు కలిసి పారేలా కట్టిన పాతకాలపు గొట్టాలు. అక్కడ వాన గొట్టాన్ని కలపడం ఒకప్పుడు తప్పు కాదు, పద్ధతే. కార్యదర్శి గారి కాలనీలో మురుగుకు మాత్రమే గొట్టం వేశారు, అందులో వాన కలపడం దొంగ కనెక్షనే. మందు ఒకటే అయినా రోగాలు వేరు.

కాలనీ కార్యదర్శి | జూన్ 24, రాత్రి 9:15

మా ఇంటి నుంచే మొదలుపెట్టాను. నాకు తెలియకుండానే మా డాబా గొట్టం కూడా ఛాంబర్‌లోకే దిగుతోంది. సిగ్గుగా ఉంది. ఇల్లిల్లూ పరీక్షించాలంటే ఏ రంగు వాడాలి? మా ఆవిడ పసుపు కలపమంటోంది.

పాత ఏఈ | జూన్ 25, ఉదయం 6:30

పసుపు నీళ్లలో కరగదు, దారిలోనే అడుక్కు దిగుతుంది. పర్మాంగనేటు వద్దు, మురుగు తగలగానే రంగు విరిగిపోతుంది. ఫ్లోరసీన్ అని ప్రయోగశాల సామగ్రి అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. చిటికెడు చాలు, బకెట్ నీళ్లు మెరిసే ఆకుపచ్చగా మారతాయి. అది దొరకకపోతే మిఠాయిల్లో వేసే ఎర్ర రంగును చిక్కగా కలపండి.

డాబా మీద ఇద్దరు, వీధి మ్యాన్‌హోల్ దగ్గర ఇద్దరు. ఒక ఇల్లు పూర్తయి రంగు పోయాకే రెండో ఇల్లు. మూత తీసి పైనుంచి చూడండి, తల లోపలికి వంచవద్దు. లోపలికి ఎవరినీ దింపవద్దు, "ఒక్క నిమిషమే" అన్నా వద్దు. ఆ గాలి మొదటి పీల్పుకే మనిషిని పడగొడుతుంది. అలా దింపడం, మనుషుల చేత మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

64 ఇళ్లకు రంగు పరీక్ష రెండు ఆదివారాల పని. ఊరంతా వెతకాలంటే పొగ పరీక్ష చేస్తారు. మ్యాన్‌హోల్ మీద ఫ్యాను పెట్టి హాని లేని తెల్లటి పొగను గొట్టంలోకి ఊదుతారు. ఎవరి డాబా గొట్టంలోంచి పొగ లేస్తే వారి గుట్టు రట్టయినట్టే. ముందు రోజే ఇంటింటికీ చెప్పకపోతే మాత్రం అగ్నిమాపక బండి వస్తుంది. మా రోజుల్లో ఒకసారి వచ్చింది.

గల్లీ చివర | జూన్ 25, మధ్యాహ్నం 1:45

అందరూ డాబాల మీద పడ్డారు కానీ అసలు దోషిని వదిలేశారు. వాన పడి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిస్తే మా వీధిలో మొదట చేసే పని గునపం తెచ్చి మ్యాన్‌హోల్ మూత తీయడం. నీళ్లు గిర్రున తిరిగి పోతాయి, అందరూ చప్పట్లు కొడతారు. నేనూ తీశాను, దాచడం ఎందుకు? ఇంట్లోకి నీళ్లు వస్తుంటే మరి ఏం చేయమంటారు?

పాత ఏఈ | జూన్ 25, సాయంత్రం 4:00

మీ బాధ అర్థమైంది. కానీ మీ వీధిలో గిర్రున దిగిన నీళ్లు ఎక్కడికీ మాయం కావు. కిలోమీటరు అవతల ఇంకొకరి మూత లేపుతాయి. వాటితో పాటు ఇసుక, కవర్లు, కొబ్బరి చిప్పలు దిగి, వాన వెలిశాక కూడా గొట్టాన్ని మూసి ఉంచుతాయి. తెరిచిన గుంత ఆ బురద నీటిలో కనబడదు. అటుగా నడిచేవాళ్ల సంగతి నేను చెప్పనక్కరలేదు. హైదరాబాదులో అనుమతి లేకుండా మూత తీయడం జలమండలి చట్టం కింద నేరం. ఏటా వానలకు ముందు ప్రకటనలు ఇస్తూనే ఉంటారు.

గల్లీ చివర | జూన్ 25, సాయంత్రం 4:20

ప్రకటన చదివితే నీళ్లు పోవు కదండీ. వాననీటి కాలువ లేని వీధిలో డాబా గొట్టాలు కూడా కోసి రోడ్డు మీదికి వదిలితే రోడ్డు ఇంకా మునుగుతుంది. అప్పుడు మూతలు తీసేవాళ్లు పెరుగుతారు, తగ్గరు.

పాత ఏఈ | జూన్ 25, రాత్రి 8:10

ఈ మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాననీటికి దారి చూపకుండా, అది మురుగు లైనులోకి రాకుండా మూయడం సగం పనే. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరానికి వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య జలాశయాలతో పాటు డ్రైనేజీ పథకం గురించీ ఆలోచించారు. శివారు కాలనీలు మాత్రం ప్లాటు నంబర్లతో మొదలై, కాలువల దగ్గర ఆగిపోయాయి. అయినా రెండు చెడుల్లో ఒకటి ఎంచుకోక తప్పకపోతే, రోడ్డు మీద చీలమండ లోతు వాననీరు మేలా, ఒకరి హాల్లో అందరి మురుగు మేలా?

రెండు టాంకులు | జూన్ 26, ఉదయం 7:50

రోడ్డు మీదికే ఎందుకు వదలాలి? హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మి.మీ. వాన పడుతుంది. ఏఈ గారి 120 చదరపు మీటర్ల డాబా మీద అది 96 వేల లీటర్లు. అయిదో వంతు వృథా అనుకున్నా 77 వేలు దక్కుతాయి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదిహేను. మేము మొదటి వాన బయటికి వదిలి, ఆ తర్వాత పడింది జల్లెడ గుండా సంప్‌లోకి పట్టి, నిండాక పొర్లింది ఇంకుడు గుంతకు పంపుతున్నాం. జూలైలో డాబా నీళ్లు మురుగులోకి వదిలి ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ఫోను పట్టుకుని కూర్చునే మన తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియదు. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం వచ్చినప్పటి నుంచీ ఇంకుడు గుంతల మాట వింటూనే ఉన్నాం. కాగితం మీద ప్రతి ఇంటికీ ఒకటి ఉంది!

గల్లీ చివర | జూన్ 26, ఉదయం 8:15

మా దగ్గర మూడడుగుల కింద బండ. ఇంకుడు గుంత తవ్వితే అది దోమల తొట్టి.

రెండు టాంకులు | జూన్ 26, ఉదయం 8:40

బండ ఉన్నచోట గుంత వద్దు, సంప్ చాలు. ఎండిన బోరు ఉంటే వడకట్టిన నీటిని అందులోకి పంపవచ్చు, వడకట్టకుండా మాత్రం ససేమిరా వద్దు.

బెజవాడ బాబాయి | జూన్ 26, రాత్రి 10:30

అందరిదీ వాన గొడవ, మాది వాన లేని గొడవ. ఏలూరు కాలువ గట్టుకు దగ్గర్లో మా అపార్ట్‌మెంటు. కాలువకు నీళ్లు వదిలిన వారం నుంచి మా చివరి ఛాంబర్‌లో రాత్రీ పగలూ తేటగా ధార పారుతూనే ఉంటుంది. నిద్ర పట్టక తెల్లవారుజామున మూడింటికి వెళ్లి చూశాను, అదే ధార. వేసవిలో కాలువ కట్టేస్తే ఆగిపోతుంది. ఎవరింట్లోనో కుళాయి కారుతోందని రెండేళ్లుగా ఫ్లాట్ల వాళ్లం ఒకరినొకరు అనుమానించుకుంటున్నాం.

పాత ఏఈ | జూన్ 27, ఉదయం 6:20

బాబాయి గారూ, ఆ నిద్ర పట్టని రాత్రి మీరు చేసింది అసలైన పరీక్ష. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య మనుషుల మురుగు దాదాపు ఉండదు. అప్పుడు పారేది చాలావరకు భూగర్భ జలమే. కార్యదర్శి గారిది వాన నేరుగా పడటం, మీది నేల ఊరడం. కాలువ నిండితే చుట్టూ నీటిమట్టం లేచి మీ గొట్టం ఆ నీటిలో మునుగుతుంది. పాత స్టోన్‌వేర్ గొట్టం ముక్క 60 సెం.మీ. నుంచి మీటరు ఉంటుంది. అంటే కిలోమీటరుకు వెయ్యికి పైగా అతుకులు, ప్రతి అతుకూ సిమెంటుదే. నేల కాస్త సర్దుకున్నా, వేపవేరు దూరినా అది నోరు తెరుస్తుంది. ఇటుక ఛాంబర్ బయటి గోడకు ప్లాస్టరింగ్ చేసి ఉండరు, అది జల్లెడే.

కొంత ఊట ఎలాగూ తప్పదని మాన్యువలే ఒప్పుకుంటుంది. కిలోమీటరుకు రోజుకు 500 నుంచి 5,000 లీటర్లు, మ్యాన్‌హోల్‌కు 250 నుంచి 500 లీటర్లు లెక్కలో వేసుకోమంటుంది. మీ ధార కింద బకెట్ పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో చూడండి. ఛాంబర్ అడుగున ఇసుక చేరుతోందా?

బెజవాడ బాబాయి | జూన్ 27, ఉదయం 7:05

పది లీటర్ల బకెట్ 50 సెకన్లకు నిండింది. ఇసుక కూడా ఉంది, రెండు తట్టలు తీశారు.

పాత ఏఈ | జూన్ 27, ఉదయం 7:40

అంటే రోజుకు 17 వేల లీటర్లు, ఒక్క అపార్ట్‌మెంటు ఆవరణలో. ఆ ఇసుకే నన్ను ఎక్కువ భయపెడుతోంది. స్నానాల గదుల్లోంచి తట్టల కొద్దీ ఇసుక రాదు. మీ భవనం చుట్టూ ఉన్న నేలే నీటితో పాటు గొట్టంలోకి జారుతోంది. ముందు ఛాంబర్ల గోడలు బాగు చేయించండి, చవక పని. తర్వాత గొట్టంలోకి కెమెరా పంపించి చూడండి.

తవ్వకుండా గొట్టం లోపల ఇంకో గొట్టం అతికించే పద్ధతి ఉంది. జిగురులో తడిపిన మెత్తటి తొడుగును లోపలికి పంపి, ఉబ్బించి, వేడి నీటితో గట్టిపరుస్తారు. లండన్‌లో హాక్నీ అనే చోట 1971లో ఎరిక్ వుడ్ ఒక పాత ఇటుక మురుగు కాలువలో మొదటిసారి చేసి చూపారు. ఒక్క హెచ్చరిక. ప్రధాన గొట్టానికి మాత్రమే తొడుగు వేసి ఫ్లాట్ల నుంచి వచ్చే పిల్ల గొట్టాలను వదిలేస్తే, బయట నీటిమట్టం ఇంకా పైకి లేచి వాటి అతుకుల్లోంచి దూరుతుంది. డబ్బు పోసి ఊటను పది అడుగులు పక్కకు జరిపినట్టు అవుతుంది.

ఎస్టీపీ రాత్రి షిఫ్టు | జూన్ 28, తెల్లవారుజామున 2:35

మీరంతా పంపేది చివరికి మా మురుగు శుద్ధి కేంద్రానికే వస్తుంది. మురుగు పలచబడితే శుద్ధి సులువు కదా అని చుట్టాలు అడుగుతుంటారు. జరిగేది తలకిందులు. మురుగును తినేది బ్యాక్టీరియా. నీరు రెండింతల జోరుతో వస్తే వాటికి తినే వ్యవధి ఉండదు, తేరుకునే తొట్టిలో అడుగుకు దిగే వ్యవధీ ఉండదు. బురదతో పాటు అవే కొట్టుకుపోతాయి. మళ్లీ ఆ మంద పెరగడానికి రోజులు పడుతుంది. ఈలోగా మామూలు మురుగు కూడా సరిగా శుద్ధి కాదు. పంపుల కరెంటు సంగతి సరేసరి, వాననీటిని కూడా మురుగు ధరకే ఎత్తిపోస్తున్నాం. బయట ఉరుము వినిపిస్తోంది, వెళ్లాలి.

కాలనీ కార్యదర్శి | జూలై 13, రాత్రి 9:30

రెండు ఆదివారాలు పరీక్షించాం. 64 ఇళ్లలో 19 డాబాల నీరు మురుగులో కలుస్తోంది. ఆరు ఇళ్లలో వెనక సందు జాలీలు, రెండు ఇళ్లలో కారు జాలీలు. ఇవి కాక పల్లపు మ్యాన్‌హోల్ మూత పగిలి, రోడ్డు నీళ్లు నేరుగా దిగుతున్నాయి. చిత్రమేమిటంటే 12 అంగుళాలు వేయాలని అందరికన్నా గట్టిగా పట్టుబట్టిన ఇద్దరి డాబాలూ ఆ పంతొమ్మిదిలోనే ఉన్నాయి.

14 డాబాలు విడదీశాం, మా ఇల్లు మొదటిది. నాలుగిళ్లు సంప్‌లోకి మళ్లించాయి, మిగతావి రోడ్డు పక్క కాలువలోకి. పల్లపు మ్యాన్‌హోల్ నాలుగు అంగుళాలు ఎత్తు చేయించి కొత్త మూత బిగించాం. నిన్న సాయంత్రం నలభై నిమిషాలు దంచికొట్టింది. గొడుగు వేసుకుని అక్కడే నిలబడ్డాను. నీరు లేచి, మూతకు రెండు ఇటుకల కిందే ఆగింది. పెద్దావిడ ఇంట్లోకి చుక్క రాలేదు. రోడ్డు మీద మాత్రం మునుపటికన్నా ఎక్కువసేపు నీళ్లు నిలిచాయి, గల్లీ చివర గారు చెప్పినట్టే.

ఇంకో రెండు మాటలు అడగాలి. పల్లపు ఇళ్ల గొట్టాలకు ఎదురు నీటిని ఆపే వాల్వు పెట్టించమంటారా? మిగిలిన అయిదుగురూ గొట్టం కోయడానికి ఒప్పుకోవడం లేదు. ఒకాయన "నా ఇంట్లోకి ఏం రాలేదు కదా" అన్నారు.

పాత ఏఈ | జూలై 14, ఉదయం 6:10

వాల్వు పెట్టించండి. కానీ అది మూసుకున్నంతసేపు ఆ ఇంటి మురుగు కూడా బయటికి పోదు, వానలో స్నానాలు ఆపమని చెప్పండి. ఏటా వానలకు ముందు తెరిచి శుభ్రం చేయాలి.

అయిదు డాబాలంటే సెకనుకు 8 లీటర్లు. ప్రస్తుతానికి మీ గొట్టం మోస్తుంది. అలాగని వదిలేస్తే, వాళ్లను చూసి కోసినవాళ్లు మళ్లీ కలుపుకుంటారు.

పిట్స్‌బర్గ్ కోడలు | జూలై 14, ఉదయం 7:30

ఆ అయిదు ఇళ్లలో ఏదైనా అమ్మకానికి వస్తే సంఘం ఇచ్చే బాకీ లేని పత్రంలో డాబా గొట్టం మురుగులో కలవడం లేదన్న మాట కూడా చేర్చండి.

మేస్త్రి సత్తెయ్య | జూలై 14, రాత్రి 9:05

సార్, ఆ రాలేదన్న సారు ఇల్లు నేను కట్టిందే. గొట్టం ఎక్కడ కలిపానో నాకు తెలుసు. ఆదివారం పొద్దున వస్తాను, ఆయన చాయ్ తాగే లోపల పని అయిపోతుంది. నాలుగు అంగుళాల బెండు ఒకటి, పది అడుగుల గొట్టం ఒకటి తెచ్చి పెట్టండి. ఆయనతో మాట్లాడేది మాత్రం మీరే.